హెకాటే మంత్రగత్తెల దేవత ఎలా అయింది?

ప్రాచీన గ్రీకు దేవత హెకాటే గురించి మీరడిగిన ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. హెకాటే మంత్రగత్తెల దేవతా, చంద్రదేవతా, పాతాళదేవతా అన్నది ఒకటి. కన్య, తల్లి, అవ్వ అనే మూడు రూపాల మాట నిజమేనా అన్నది రెండోది. దేవతల రాజు జ్యూస్ ఆమెను అందరికంటే మిన్నగా గౌరవించాడని ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ రాశాడట, అది ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మూడోది. అంత గొప్ప దేవతకు తనదంటూ చెప్పుకోదగ్గ కథ ఒక్కటీ ఎందుకు లేదన్నది నాలుగోది. వీటిలో చివరిది అసలు సిసలు ప్రశ్న. మిగతా మూడింటికీ జవాబు దాంట్లోంచే వస్తుంది కానీ, అక్కడికి వెళ్లడానికి ముందు హెసియడ్ దగ్గర కాసేపు ఆగాలి.

ఇంకో సంగతి. "ఈమె ఫలానా దానికి అధిదేవత" అని ఒక్క ముక్కలో తేల్చేసే పట్టికలు గ్రీకు దేవతలందరికీ దొరుకుతాయి. అవి ఎవరి విషయంలోనూ పూర్తిగా నమ్మదగ్గవి కావు గానీ, హెకాటే విషయంలో మరీ అధ్వానం. ఆమె వెయ్యేళ్లకు పైగా పూజలందుకుంది. క్రీ.పూ. 700 ప్రాంతంలో ఒక జాలరి, క్రీ.పూ. 400 ప్రాంతంలో ఒక ఏథెన్స్ ఇల్లాలు, క్రీ.శ. 300 ప్రాంతంలో ఈజిప్టులో ఒక మాంత్రికుడు పిలిచింది ఒకే పేరుతో. కోరింది మాత్రం వేర్వేరు. ఆమె గురించి ఎవరేం చెప్పినా "ఎప్పుడు? ఏ ఊళ్లో?" అని ఎదురడగడం అలవాటు చేసుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇక హెసియడ్. దేవతల వంశావళి చెప్పే అతని 'థియోగొనీ' వెయ్యి పంక్తులు దాటిన కావ్యం. అందులో 411వ పంక్తి నుంచి 452 దాకా హెకాటే స్తుతే. ఆమె తండ్రి పెర్సెస్, తల్లి ఆస్టెరియా. ఆస్టెరియా, లెటో తోడబుట్టినవాళ్లు కాబట్టి లెటో పిల్లలైన అపోలో, ఆర్టెమిస్‌లకు హెకాటే వరసకు అక్కచెల్లెలు అవుతుంది. జ్యూస్‌కు ముందు ఏలిన పాత దేవతలైన టైటన్ల కాలంలో ఆమెకు భూమి, సముద్రం, ఆకాశం మూడింటిలోనూ వాటా ఉండేది. టైటన్లు ఓడిపోయి జ్యూస్ గద్దెనెక్కాక పాతవాళ్లలో చాలామంది పదవులు ఊడాయి. ఆమె వాటా మాత్రం చెక్కుచెదరలేదు. పైగా జ్యూస్ ఇంకా కలిపి ఇచ్చాడు.

ఏం చేస్తుందట ఆమె? న్యాయం చెప్పే రాజు పక్కన కూర్చుంటుంది. సభలో తనకు నచ్చినవాణ్ణి నలుగురిలో నిలబెడుతుంది. యుద్ధంలో గెలుపు ఎవరిదో, ఆటల పోటీలో బహుమతి ఎవరికో ఆమె దయ. గుర్రపు రౌతుల వెంట ఉంటుంది. జాలరి ఆమెకు, పొసైడన్‌కు మొక్కి వల వేస్తే బోలెడన్ని చేపలు పడేలా చేస్తుంది. మనసు మారితే కళ్లముందు కనబడ్డ చేపల్నే మాయం చేస్తుంది. హెర్మిస్‌తో కలిసి మందల్ని పెంచుతుంది. కొద్ది గొర్రెల్ని ఎక్కువ చేయగలదు, ఎక్కువ గొర్రెల్ని కొద్ది చేయగలదు. పసిపిల్లల్ని సాకుతుంది. ఈ నలభై పంక్తుల్లో "ఆమెకు ఇష్టమైతే" అన్న మాట పదేపదే వస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి. పని అటో ఇటో తేలబోయే క్షణంలో త్రాసును ఒకవైపు వాల్చే దేవత ఆమె. అంతేకాదు, భూమ్మీద ఎవరు ఏ దేవుడికి బలి ఇచ్చినా ఆనవాయితీగా హెకాటేని పిలుస్తారని కూడా హెసియడ్ అంటాడు. అంటే మొక్కు ఎవరిదైనా, ఎవరికైనా, దారి ఆమె మీదుగా పోతుందన్నమాట.

ఈ స్తుతిలో మంత్రాల ఊసు లేదు. చంద్రుడు లేడు, కుక్కలు లేవు, శ్మశానం లేదు, మూడు ముఖాలు లేవు. హోమర్ ఇతిహాసాలు రెండింటిలోనూ అసలు ఆమె పేరే లేదు. మరి హెసియడ్‌కు ఇంత భక్తి ఎక్కణ్నుంచి వచ్చింది? కొందరు పండితులు ఈ భాగం అతనిది కాదు, తర్వాతెవరో చేర్చారని వాదించారు. ఇప్పుడు ఎక్కువమంది అతనిదే అంటున్నారు. రెండు ఆసక్తికరమైన సంగతులున్నాయి. హెసియడ్ తండ్రి చిన్నాసియా (ఇప్పటి టర్కీ) తీరంలోని కిమె అనే ఊరి నుంచి వలస వచ్చినవాడు. హెసియడ్ సోదరుడి పేరు పెర్సెస్, హెకాటే తండ్రి పేరూ అదే. ఇది ఇంటి దేవత మీద అభిమానం అయ్యుండొచ్చన్న ఊహ అందుకే పుట్టింది. హెకాటే ఆరాధన చిన్నాసియా నైరుతి మూలనున్న కారియా నుంచి గ్రీసుకు వచ్చిందనేది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కారియాలో ఆమె పేరు కలిసిన మనుషుల పేర్లు విపరీతంగా కనిపిస్తాయి. ప్రపంచ వింతల్లో ఒకటైన సమాధిమందిరం ఎవరికోసం కట్టారో ఆ మౌసోలస్ తండ్రి పేరు హెకాటొమ్నస్.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్న. పురాణకథ ఎలా పుడుతుంది? దేవుడు ఎవరినో మోహించాలి. దేవత ఎవరిమీదో కత్తికట్టాలి. శాపాలుండాలి, బిడ్డ పుట్టాలి, ఆ బిడ్డ ఒక ఊరికో వంశానికో మూలపురుషుడు కావాలి. హెకాటేకు తొలి గ్రంథాల్లో పెళ్లీ లేదు, ప్రేమాయణమూ లేదు, పగా లేదు. స్కిల్లా అనే రాకాసి ఆమె కూతురని కవి అపొలోనియస్ అంటాడు. చరిత్రకారుడు డయొడొరస్ ఏమో మంత్రగత్తెలైన సర్సీ, మెడియా ఆమె కూతుళ్లంటాడు. ఇవన్నీ తర్వాతి కాలంలో తలో చెయ్యీ వేసి అతికించినవి, ఒకదానికొకటి పొసగవు. ఆమె ఎప్పుడూ వేరొకరి కథలో, సరిగ్గా మలుపు దగ్గర, కాగడాతో వచ్చి నిలబడుతుంది. మలుపు తిరిగాక కథ వాళ్లది, ఆమె పని అయిపోయింది.

పంటల దేవత డిమీటర్ మీద ఉన్న పాత గ్రీకు స్తోత్రంలో ఇది బాగా కనబడుతుంది. డిమీటర్ కూతురు పెర్సెఫొనీ పూలు కోస్తుండగా పాతాళరాజు హేడిస్ రథమెక్కించుకుని ఎత్తుకుపోతాడు. పిల్ల అరుపు ఇద్దరికే వినిపిస్తుంది: ఆకాశంలో సూర్యుడు హేలియస్‌కు, తన గుహలో కూర్చున్న హెకాటేకు. తల్లి డిమీటర్ తొమ్మిది రోజులు తిండి, స్నానం లేకుండా చేత కాగడాలు పట్టుకుని తిరుగుతుంది. పదో రోజు తెల్లవారుజామున హెకాటే చేతిలో వెలుగుతో ఎదురొచ్చి, "నాకు కేక వినబడింది, ఎత్తుకుపోయిందెవరో కంటితో చూడలేదు" అని ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఇద్దరూ కలిసి హేలియస్ దగ్గరికి పరుగెత్తి, అతని గుర్రాలకు అడ్డంగా నిలబడతారు. అక్కడే నిజం బయటపడుతుంది. ఆ తర్వాత వందల పంక్తుల దాకా హెకాటే జాడ ఉండదు. కూతురు పాతాళం నుంచి తిరిగొచ్చి తల్లిని కలుసుకున్నాక మళ్లీ వస్తుంది. పిల్లను పదే పదే కౌగిలించుకుంటుంది. ఆనాటి నుంచి పెర్సెఫొనీకి ముందూ వెనకా నడిచే తోడు అయిందని కవి ఒక్క మాటతో ముగిస్తాడు.

ఆ ఒక్క మాటా చాలు. పెర్సెఫొనీ ఏటా పాతాళానికి పోయి రావాలి. ఆ దారిలో తోడు హెకాటే. పాతాళానికి రాణి పెర్సెఫొనీయే. హెకాటే ఆ రాకపోకల దేవత. ఆమెను పాతాళదేవత అనడం పూర్తిగా తప్పు కాదు గానీ, ఇల్లు అక్కడని అనుకోకండి.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక పెద్ద మట్టి పాత్ర ఉంది, క్రీ.పూ. 440 ప్రాంతపుది, ద్రాక్షసారాయిలో నీళ్లు కలపడానికి వాడే రకం. దానిమీద ఈ ఘట్టమే గీశారు. పెర్సెఫొనీ నేల చీలిక లోంచి పైకి వస్తోంది, పక్కన హెర్మిస్ నిలబడ్డాడు, కుడి చివర డిమీటర్ రాజదండం పట్టుకుని ఎదురుచూస్తోంది. వాళ్ల మధ్య హెకాటే రెండు చేతుల్లో రెండు కాగడాలతో ముందుకు నడుస్తూ, తల మాత్రం వెనక్కి తిప్పి పిల్ల వస్తోందా లేదా అని చూస్తోంది. ఎవరెవరో పేర్లు కూడా రాసి ఉన్నాయి. ఒకే శరీరం, ఒకే ముఖం, పడుచు వయసు. ఈ బొమ్మ ఒకసారి చూస్తే, పొగలో నవ్వే ముసలి మంత్రగత్తె బొమ్మ మనసులోంచి పోతుంది.

కావ్యాల సంగతి అలా ఉంచి మామూలు ఇళ్లలోకి వస్తే, క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో హెకాటే వీధి గుమ్మం ముందు ఉండేది. చిన్న గూడో, చిన్న ప్రతిమో. ఇది ఎంత మామూలో తెలియాలంటే అరిస్టోఫనీస్ హాస్యం చూడాలి. క్రీ.పూ. 422లో ఆడిన 'కందిరీగలు' నాటకంలో కోర్టుల పిచ్చి పట్టిన ముసలాయన ఒకడుంటాడు. ఏదో ఒకనాడు ప్రతి ఏథెన్స్ పౌరుడూ తన వాకిట్లో బుల్లి కోర్టు కట్టుకుంటాడు, తలుపు తలుపు ముందూ ఉండే హెకాటే గుడిలాగా అంటాడు. జనం నవ్వాలంటే ఆ గూళ్లు వీధి వీధినా ఉండాలి కదా. ఇంట్లోంచి అడుగు బయటపెట్టేటప్పుడు, బయటి చెడు లోపలికి రాకుండా ఆపడానికి ఆమె. అలాగే మూడు దారులు కలిసేచోట, కోట ద్వారాల దగ్గర, పెద్ద దేవతల గుడి ప్రాంగణంలోకి అడుగుపెట్టే చోట కూడా. సిసిలీలోని సెలినస్‌లో డిమీటర్ ప్రాంగణపు ముఖద్వారం పక్కనే హెకాటే గుడి బయటపడింది.

నెలాఖరున, అంటే చంద్రుడు కనబడని రాత్రి, ఆమెకు కూడలిలో భోజనం పెట్టేవాళ్లు. మర్నాడు కొత్త నెల మొదలు. నెల చివరా నెల మొదలూ కలిసే ఆ సందు కూడా ఒక గడపే. ఆ పెట్టిన కూడు ఏమయ్యేదో కూడా అరిస్టోఫనీసే చెప్పాడు. క్రీ.పూ. 388 నాటి 'సంపద' నాటకంలో పేదరికం మనిషి రూపంలో వచ్చి తన గొప్ప తాను చెప్పుకుంటుంటే ఒకడు అంటాడు: డబ్బుండటం మేలో పస్తులుండటం మేలో హెకాటేనే అడుగు, ఉన్నవాళ్లు నెలనెలా భోజనం పంపిస్తే లేనివాళ్లు అది కింద పెట్టకముందే ఎగరేసుకుపోతున్నారని ఆమే చెబుతుంది!

ఈ భోజనంతో పాటు, ఇల్లు శుద్ధి చేశాక మిగిలిన చెత్త, బూడిద కూడా కూడలిలోనే పడేసేవాళ్లు. అలా పారేసేవాళ్లు వెనక్కి చూడకూడదన్న నియమం ఎస్కిలస్ నాటకంలో కనబడుతుంది. దిష్టి తీసిన గుమ్మడికాయో ఎర్రనీళ్లో మూడు దార్లలో పారబోసి, తిరిగి చూడకుండా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునే మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అయితే ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చిందనడానికి ఏ ఆధారమూ లేదు. ఇలాంటి పోలిక దొరకగానే "చూశారా, అంతా మన దగ్గర్నుంచే వెళ్లింది" అంటూ వాట్సాప్‌లో వ్యాసాలు పుట్టుకొస్తాయి. దయచేసి అటు వెళ్లకండి.

మూడు రూపాల సంగతికి వస్తే, ఇక్కడ ఆధారాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. మనకు దొరికిన తొలినాటి హెకాటే బొమ్మల్లో ఆమె ఒంటి రూపమే. ఏథెన్స్‌లో దొరికిన క్రీ.పూ. 6వ శతాబ్దపు చిన్న మట్టిబొమ్మ ఒకటుంది. సింహాసనం మీద కూర్చున్న మామూలు స్త్రీ. ఏగాన్ అనేవాడు హెకాటేకు సమర్పించాడని దానిమీద రాసి లేకపోతే ఎవరో కూడా గుర్తుపట్టలేం. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ ఏమంటాడంటే, వీపులు ఆనించి నిలబడ్డ మూడు విగ్రహాలుగా హెకాటేని మొదట చెక్కింది ఆల్కమెనీస్, ఆ విగ్రహం ఏథెన్స్ కొండకోట అక్రోపొలిస్ మీద రెక్కల్లేని విజయదేవత గుడి పక్కన ఉంది అని. ఆల్కమెనీస్ క్రీ.పూ. 5వ శతాబ్దపు రెండో సగంలో పనిచేసిన శిల్పి. అది కూడా ఎక్కడ పెట్టారు? అక్రోపొలిస్ లోపలికి పోయే ద్వారం దగ్గరి బురుజు మీద. అదే పౌసానియస్, ఈజినా దీవిలో హెకాటేకు ఏటా రహస్య దీక్షలు జరుగుతాయని, అక్కడి చెక్క విగ్రహానికి ముఖం ఒకటే, శరీరం ఒకటేనని కూడా రాశాడు. అంటే మూడు రూపాలు వచ్చాక కూడా ఒంటి రూపం పోలేదు.

మూడు ఎందుకంటే, మూడు దారుల కూడలి కాబట్టి. మధ్యలో ఒక స్తంభం, చుట్టూ ముగ్గురు స్త్రీలు, తలా ఒక దారి వైపు చూస్తూ. రోమన్ కవి ఒవిడ్ ఇదే సంగతి సూటిగా చెప్పాడు: మూడుగా చీలే దారుల్ని కాయడానికే హెకాటే ముఖాలు మూడు వైపులకు తిరిగి ఉంటాయని. ఈ శిల్పాలు యూరప్ మ్యూజియంలలో బోలెడున్నాయి. ఎప్పుడైనా చూస్తే ముగ్గురి వయసూ పోల్చండి. ముగ్గురూ ఒక్కలాంటి పడుచులే. అదే జుట్టు, అదే దుస్తులు, తేడా ఉంటే చేతుల్లో పట్టుకున్న వస్తువుల్లో. తల్లీ లేదు, అవ్వా లేదు. కన్య–తల్లి–అవ్వ సిద్ధాంతాన్ని జనంలోకి తెచ్చింది 1948లో ఇంగ్లిష్ కవి రాబర్ట్ గ్రేవ్స్. అక్కణ్నుంచి 20వ శతాబ్దపు కొత్త పేగన్ మతాలు అందుకున్నాయి, వాటి నుంచి సీరియళ్లు, వీడియో గేములు. ఈనాడు దాన్ని నమ్మి పూజించేవాళ్లతో నాకు పేచీ లేదు, ఎవరి నమ్మకం వారిది. ప్రాచీన గ్రీకులు అలా నమ్మారని రాస్తే మాత్రం ఒప్పుకోను.

ఇక అసలు చిక్కుముడి, మంత్రాలు. దయ్యాలను గుమ్మం బయటే ఆపగలిగిన దేవత, కావాలనుకుంటే తలుపు తీసి వాటిని పంపనూ గలదు. ఆపమని వేడుకునేవాళ్లు పగటిపూట గుమ్మం ముందు దండం పెట్టుకున్నారు. పంపమని అడిగేవాళ్లు రాత్రిపూట కూడలికి వచ్చారు. హెసియడ్ చెప్పిన ఆ "ఇష్టమైతే" ఇక్కడ భయం పుట్టించే మాటగా మారింది. పెళ్లికి ముందో, ప్రసవంలోనో, హత్యకు గురయ్యో ఆయువు తీరకుండా పోయినవాళ్ల ఆత్మలు ఆమె వెంట రాత్రుళ్లు తిరుగుతాయని జనం నమ్మేవాళ్లు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్స్ పరిసరాల్లో సీసపు రేకుల మీద శాపాలు గీకి, మడిచి, సమాధుల్లో పాతిపెట్టారు. కోర్టు కేసులో ప్రత్యర్థి నాలుక కట్టెయ్యమనే రకం శాపాలు. వాటిలో హెర్మిస్ పేరుతో పాటు హెకాటే పేరు వస్తుంది. అదే కాలానికి, తత్వవేత్త థియోఫ్రాస్టస్ తన మూఢభక్తుడి వర్ణనలో, వీడు ఎవరో తన ఇంటిమీదికి హెకాటేని ఉసిగొల్పారంటూ అస్తమానం ఇల్లు శుద్ధి చేయిస్తుంటాడని ఎగతాళి చేశాడు. గుమ్మం కాచే తల్లే గుమ్మం దాటి వస్తుందేమోనన్న భయమది.

సాహిత్యంలో ఈ మార్పుకు ముఖ్య కారణం మెడియా, భర్త జేసన్ వదిలేస్తే పగ తీర్చుకున్న మంత్రగత్తె. క్రీ.పూ. 431లో యూరిపిడీస్ నాటకంలో ఆమె, "నా పొయ్యి మూలన కొలువున్న హెకాటే మీద ఒట్టు, నన్ను ఏడిపించి ఎవడూ సుఖపడడు" అన్న ధోరణిలో శపథం చేస్తుంది. వీధి గుమ్మంలో ఉండాల్సిన దేవత ఇంటి నడిగడ్డకు వచ్చేసింది. ప్రేక్షకులకు ఒళ్లు జలదరించి ఉంటుంది, ఎందుకంటే గ్రీకు ఇంట్లో పొయ్యి హెస్టియాది.

క్రీ.పూ. 3వ శతాబ్దపు అపొలోనియస్ కావ్యంలో మెడియా కొల్కిస్‌లో హెకాటే పూజారిణి. బంగారు ఉన్ని కోసం అక్కడికొచ్చిన జేసన్, మంటలు కక్కే ఎద్దుల్ని కాడికి కట్టే ముందు ఏం చేయాలో ఆమే చెబుతుంది. అర్ధరాత్రి ఒంటరిగా నదిలో స్నానం చేయాలి. నల్ల బట్ట కట్టుకోవాలి. గుండ్రంగా గొయ్యి తవ్వి, ఆడగొర్రెను బలిచ్చి, మొత్తం నిప్పులో కాల్చేయాలి. తేనె ధారపోసి హెకాటేని పిలవాలి. ఆపైన వెనుదిరిగి నడవాలి. వెనక అడుగుల చప్పుడు వినబడినా, కుక్కలు మొరిగినా తిరిగి చూడకూడదు; చూస్తే అంతా వ్యర్థం. జేసన్ అలాగే చేస్తాడు. ఆమె వస్తుంది. తలచుట్టూ ఓక్ కొమ్మల్లో పెనవేసుకున్న పాములు, లెక్కలేనన్ని కాగడాల వెలుగు, చుట్టూ పాతాళపు కుక్కల అరుపులు. ఆమె అడుగుల కింద పచ్చికబయలు కంపిస్తుంది, నదీతీరపు అప్సరసలు కెవ్వుమంటారు. జేసన్‌కు భయం వేసింది, అయినా కాళ్లు ఆగలేదు, వెనక్కి చూడలేదు. తర్వాతి కాలంలో మంత్రగత్తెల కథలు రాసిన ప్రతివాడూ ఈ దృశ్యానికి ఎంతో కొంత బాకీ ఉన్నాడు.

కుక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. హెకాటేకు బలిచ్చేది ఎక్కువగా కుక్కనే, అందులోనూ కుక్కపిల్లని. గ్రీకులు తినే జంతువునే సాధారణంగా దేవుడికి బలి ఇచ్చేవాళ్లు, కుక్క అలా తినేది కాదు. దీన్ని శుద్ధి కర్మగా చూడాలి. వీధి కుక్కలు ఉన్నట్టుండి ఊళపెడితే హెకాటే వస్తోందని అర్థం. గ్రీకు కవి థియొక్రిటస్ పద్యంలో ప్రియుడు వదిలేసిన సిమైతా అనే అమ్మాయి వాడు తిరిగి రావాలని వశీకరణ తంతు చేస్తూ మధ్యలో ఉలిక్కిపడి పనిమనిషితో అంటుంది: "థెస్టిలిస్, ఊళ్లో కుక్కలు మొరుగుతున్నాయే, అమ్మ కూడలిలోకి వచ్చేసింది, కంచు మోగించు త్వరగా!" పిలిచిందీ తనే, దూరంగా ఉంచడానికి కంచు మోగించేదీ తనే. హెకాటే భక్తి అంటే ఏమిటో ఈ ఒక్క పంక్తిలో ఉంది.

ఈ అమ్మాయి చంద్రుణ్ణీ, అంటే సెలీనీ దేవతనూ పిలుస్తుంది. అప్పటికి హెకాటే, సెలీనీ, ఆర్టెమిస్ ఒకరిలో ఒకరు కలిసిపోవడం మొదలైంది. రోమన్ల కాలానికి కలయిక పూర్తయింది: ఆకాశంలో లూనా, నేలమీద డయానా, పాతాళంలో హెకాటే లేదా ప్రొసర్పినా (పెర్సెఫొనీకి రోమన్ పేరు), అంతా ఒకే దేవత అన్నారు. ఈజిప్టులో దొరికిన గ్రీకు మంత్రాల పాపిరస్ చుట్టల్లోనైతే మెసొపొటేమియా పాతాళరాణి ఎరెష్కిగాల్ పేరు కూడా ఆమెకు తగిలించారు. కాబట్టి "చంద్రదేవత" అన్నది అబద్ధం కాదు. ఆలస్యంగా వచ్చిన బిరుదు, అంతే. నెలాఖరు భోజనం చంద్రుడు లేని రాత్రి పెట్టేవారని మర్చిపోకండి.

ఈ మంత్రాల కథంతా చదివాక చాలామంది ఒక పెద్ద విషయం వదిలేస్తారు. అదే సమయంలో కారియాలో హెకాటే పట్టపగటి దేవత, ఊరిని ఏలే తల్లి. టర్కీలోని ముగ్లా రాష్ట్రంలో యతాన్ పట్టణం దగ్గర లగీనా అనే చోట ఆమెకు పాలరాతి గుడి కట్టారు. మనకు తెలిసిన హెకాటే గుళ్లలో అదే పెద్దది. దగ్గరి నగరం స్ట్రటొనికేయా. ఏటా జరిగే ఉత్సవంలో ఆమె తాళంచెవిని ఒక కన్య పట్టుకుని ఊరేగింపుగా నడిచేది. ఆ పని ఎక్కువగా పూజారి కూతురికి దక్కేది. ఆ తాళం ఏ తలుపుదో శాసనాలు చెప్పవు. క్రీ.పూ. 81లో రోమన్ సెనేటు స్ట్రటొనికేయాకు ఇచ్చిన హామీల తీర్మానాన్ని ఈ గుడి గోడ మీదే చెక్కించారు. అందులో గుడికి శరణాలయ హక్కు కూడా ఉంది, అంటే లోపలికి వచ్చి తలదాచుకున్నవాణ్ణి ఎవరూ పట్టుకోకూడదు. ఒట్టోమన్ కాలంలో ఉస్మాన్ హమ్దీ బే తవ్వించి తీసిన ఈ గుడి శిల్ప ఫలకాలు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. ఒక వైపు జ్యూస్ పుట్టుక, ఇంకో వైపు దేవతలు రాక్షసజాతి జైగంట్లతో చేసే యుద్ధం. ఆ యుద్ధంలో హెకాటే క్లిటియస్ అనే జైగంట్‌ను కాగడాలతో చంపిందని పురాణం. బెర్లిన్‌లోని పెర్గమాన్ బలిపీఠం మీద అదే యుద్ధంలో ఆమెను మూడు తలలు, ఆరు చేతులతో, కాగడా, కత్తి, ఈటె పట్టించి చెక్కారు. పక్కన ఆమె కుక్క శత్రువు తొడ కొరుకుతోంది.

ఇస్తాంబుల్ పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. క్రీ.పూ. 340లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ బైజాంటియంను ముట్టడించినప్పుడు, వాన కురుస్తున్న వెన్నెల లేని రాత్రి కుక్కలు మొరిగి కాపలావాళ్లను లేపాయని, ఊరు దక్కినందుకు కాగడా పట్టిన హెకాటే విగ్రహం నిలిపారని ఒక కథ. రాసింది క్రీ.శ. 6వ శతాబ్దపు హెసీకియస్, అంటే ఎనిమిది వందల ఏళ్లకు పైగా గడిచాక. టర్కీ జెండాలోని నెలవంక ఈ కథ నుంచే వచ్చిందని చెప్పేవాళ్లను అంత సులువుగా నమ్మకండి. మధ్యలో గొలుసు చాలాచోట్ల తెగి ఉంది.

చివరి దశ వింతగా ఉంటుంది. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి కాల్డియన్ దైవవాక్కులు అనే పద్యాల్లో హెకాటే విశ్వానికే ఆత్మ. అందనంత ఎత్తులో ఉన్న పరమ తత్వానికీ, మనం బతికే ఈ లోకానికీ నడుమ ఉండేది, ప్రాణం ఆమె గుండా కిందికి ప్రవహిస్తుంది. ప్రొక్లస్ లాంటి తత్వవేత్తలు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. పైకి ఎంత వేదాంతంలా ఉన్నా ఆమె చేసే పని మారలేదు చూడండి, రెండు లోకాల మధ్య నిలబడటమే. 4వ శతాబ్దం చివర్లో, రోమ్ క్రైస్తవం వైపు పూర్తిగా మొగ్గుతున్న రోజుల్లో కూడా పౌలీనా అనే ఉన్నత కుటుంబపు స్త్రీ ఈజినాలో హెకాటే దీక్ష తీసుకున్నానని గర్వంగా రాతి మీద చెక్కించుకుంది. తర్వాత గుడులు మూతపడ్డాయి, ఇంటి గుమ్మం ముందు గూళ్లు పోయాయి, లగీనా శిథిలమైంది. పుస్తకాల్లో మిగిలింది మెడియా, సిమైతా, రోమన్ కవుల మంత్రగత్తెలు. యూరప్ అందుకున్నది ఆ పుస్తకాల హెకాటేని మాత్రమే. షేక్స్‌పియర్ 'మాక్‌బెత్'లో మంత్రగత్తెల మీద కేకలేసే పెద్దగా ఆమె వచ్చేది అందుకే. ఆ ఘట్టాలు కూడా థామస్ మిడిల్టన్ చేర్చినవేనని చాలామంది పండితుల అభిప్రాయం.

మీరు సొంతంగా చదవాలనుకుంటే ముందు 'థియోగొనీ' 411–452, తర్వాత డిమీటర్ స్తోత్రం, ఆ తర్వాత అపొలోనియస్ మూడో సర్గ, ఈ వరసలో చదవండి. మూడూ పాతవి కాబట్టి ఇంగ్లిష్ అనువాదాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఒవిడ్‌తో గానీ మంత్రాల పాపిరస్‌లతో గానీ మొదలుపెడితే, జాలరి వలలో చేపలు పడేసే హెకాటే మీకు ఎప్పటికీ దొరకదు.